పేపరు ఒకటే... పాఠకులెందరు?

మీ ఇంటికి రోజూ ఎన్ని పేపర్లు వస్తాయి? చాలా ఇళ్లకి ఒకటే. మరి ఆ ఒక్కదాన్నీ ఎంతమంది చదువుతారు? ఈ ప్రశ్న ఎవరైనా ఇల్లాలిని అడిగి చూడండి. 'మావారు చదువుతారండీ... మామగారు కూడా' అంటుంది. మరి మీరో అంటే, 'నాకంత తీరికెక్కడిది, అలా తిరగేస్తానంతే' అని నవ్వేస్తుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక చేసే ఆ తిరగేయడంలోనే కందిపప్పు ధర, పదోతరగతి పరీక్షల తేదీలు, పక్క మండలంలో పెళ్లి బస్సు బోల్తాపడ్డ సంగతి అన్నీ పట్టేస్తుంది. సాయంత్రం ఆవిడ చెబుతుంటే, పొద్దున్నే పేపరంతా చదివిన పెద్దమనిషి 'ఔనా, ఎక్కడుందీ?' అంటూ మళ్లీ కళ్లజోడు వెతుక్కుంటాడు.

తెలుగిళ్లలో పేపరుకో టైంటేబుల్ ఉంది. పేపరుబ్బాయి విసిరిన కట్ట ముందుగా వెళ్లేది రిటైరైన తాతగారి చేతికే. ఆయన తేదీతో మొదలుపెట్టి చివరి పేజీ అడుగున ప్రింటరు, పబ్లిషరు పేర్లదాకా వదలరు. ఈలోగా మధ్యలోంచి జిల్లా పేజీలు జారి కొడుకు దగ్గరికి వస్తాయి. ఆటల పేజీని కాలేజీ కుర్రాడు బాత్రూమ్‌లోకి పట్టుకుపోతాడు. సినిమా పేజీ ఎవరు తీశారో ఎవరికీ తెలీదు. రాశిఫలాలు అందరూ చూస్తారు, నమ్ముతామని ఒక్కరూ ఒప్పుకోరు. పది దాటాక ఎదురింటివాళ్లు 'ఒక్కసారి పేపరిస్తారా' అని వస్తారు. మర్నాటికి అదే పేపరు బీరువా అరలోకో, నెలాఖరుకి కిలోల లెక్కన తూకానికో, అక్కణ్నుంచి మిరపకాయ బజ్జీల పొట్లంలోకో చేరుతుంది. బజ్జీలు తిన్నాక పొట్లం విప్పి, నూనె మరకల మధ్య మిగిలిన సగం వార్త చదివే అలవాటు మనలో చాలామందికి ఉంది. మిగతా సగం ఎవరి పొట్లంలో ఉందో!

ఇంతకీ వీళ్లందరినీ లెక్కపెట్టేవాళ్లున్నారా? ఉన్నారు. ఆ లెక్కలో పడినవాళ్లకీ, పడనివాళ్లకీ మధ్య తేడా చిన్నదేం కాదు.

మొదటి లెక్క కాపీలది. ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అనే సంస్థ 1948 నుంచీ ఆ పని చేస్తోంది. ఆరు నెలలకోసారి ఏ పత్రిక ఎన్ని కాపీలు అమ్మిందో సర్టిఫికెట్టు ఇస్తుంది. ఇది కాగితం లెక్క కాబట్టి రసీదులూ, బిల్లులూ చూసి తేల్చేయొచ్చు. రెండోది మనుషుల లెక్క. ఒక కాపీని ఎందరు చదివారు, వాళ్లు ఆడా మగా, వయసెంత, చదువెంత అన్నది బిల్లుల్లో ఉండదు. ఇంటింటికీ వెళ్లి అడగాల్సిందే. మనదేశంలో ఇలాంటి సర్వేల్లో ఎక్కువగా వినబడే పేరు ఇండియన్ రీడర్‌షిప్ సర్వే. పన్నెండేళ్లు నిండినవాళ్లందరూ ఇందులో లెక్కకొస్తారు.

అడిగే ప్రశ్న తేలికైనదే. పత్రిక పేరు చూపించి, దీన్ని చివరిసారి ఎప్పుడు చదివారు లేదా చూశారు అంటారు. నిన్న అంటే మీరు ఒక లెక్కలో ఉంటారు, గత నెలలో ఎప్పుడో అంటే ఇంకో లెక్కలో. ఈ రెంటి మధ్యా ఎంత దూరముందో తెలుసా? 2019 మొదటి త్రైమాసికం సర్వేలో హిందీ పత్రిక దైనిక్ జాగరణ్‌కి నెలలో ఎప్పుడో ఒకసారి చూసినవాళ్లు 7 కోట్లకు పైగా ఉంటే, నిన్న చదివామన్నవాళ్లు సుమారు 2 కోట్ల మంది! అదే సర్వేలో దేశం మొత్తమ్మీద పత్రికా పాఠకులు 42 కోట్లు దాటారని ఘనంగా చెప్పుకున్నది కూడా నెల లెక్కనే. సెలూన్‌లో గడ్డం గీయించుకునేదాకా బొమ్మలు చూసినవాడూ, తేదీ నుంచి ప్రింటరు పేరుదాకా చదివే మన తాతగారూ అందులో సమానమే. ప్రజాస్వామ్యం అంటే అదే అనుకోవాలి.

చదువరుల్ని తరగతులుగా విడదీసే పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2011లో వచ్చిన వర్గీకరణ ప్రకారం ఒక ఇంటి స్థాయిని రెండు విషయాలతో తేలుస్తారు. ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి ఎంతవరకు చదివాడన్నది ఒకటి. పదకొండు వస్తువుల జాబితాలో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది రెండోది. కరెంటు కనెక్షను, సీలింగ్ ఫ్యాను, గ్యాస్ పొయ్యి, కలర్ టీవీ, ఫ్రిజ్జు, వాషింగ్ మిషను, టూవీలరు, కారు, కంప్యూటరు, ఏసీ, వ్యవసాయ భూమి... అంతే జాబితా. ఇంట్లో పుస్తకాలెన్ని అన్న ప్రశ్న లేదు. రోజూ సంపాదకీయం చదివి కొడుకుతో వాదించే అమ్మమ్మ ఏ తరగతి పాఠకురాలన్నది ఆమె చదువుని బట్టి కాక, కొడుకు డిగ్రీనీ, హాల్లో ఫ్రిజ్జునీ బట్టి తేలుతుంది.

ఎందుకిలా అంటే, ఈ సర్వేలకి డబ్బుపెట్టేవాళ్లు పత్రికలూ, ప్రకటనలిచ్చే కంపెనీలూనూ. మనం పేపరుకిచ్చే ధర కాగితం ఖర్చుకే చాలదు. మిగతాది ప్రకటనల నుంచి రావాలి. సబ్బులమ్మేవాడికి సబ్బు కొనేవాళ్ల లెక్క కావాలి గానీ, సంపాదకీయం చదివేవాళ్ల లెక్క ఎందుకు? వాళ్లని తప్పుపట్టలేం. కానీ ఆ లెక్కని పట్టుకునే ఏ పేజీ ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది కూడా తేల్చేస్తుంటారు. చిక్కల్లా అక్కడే.

లెక్క ఎంత తేడాగా రాగలదో చూపే కథ ఒకటుంది. 2014 జనవరిలో ఈ సర్వే ఫలితాలు వెలువడగానే దేశంలో పెద్ద పెద్ద పత్రికల యాజమాన్యాలు మూకుమ్మడిగా తిరగబడ్డాయి. నాగపూర్‌లో హితవాద అనే ఇంగ్లిషు పత్రిక 60 వేల కాపీలు అమ్ముడవుతోంటే, సర్వేలో దానికి ఒక్క పాఠకుడూ లేడన్నారు. చెన్నై నుంచి వచ్చే వ్యాపార పత్రిక బిజినెస్ లైన్‌కి చెన్నైలో కంటే మణిపూర్‌లో మూడురెట్ల పాఠకులున్నట్టు తేలిందన్నారు. మన ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద పత్రికలన్నీ ఒక్క దెబ్బకి 30 నుంచి 65 శాతం పాఠకుల్ని పోగొట్టుకున్నట్టు వచ్చిందని కూడా ఆ ప్రకటనలో మొరపెట్టుకున్నారు. సర్వే చేసినవాళ్లు తమ పద్ధతి సరైనదేనన్నారు. లెక్క తమకి అనుకూలంగా వచ్చిన ఏడాది మాత్రం ఏ పత్రికా పద్ధతి గురించి పేచీ పెట్టుకోదు. మొదటి పేజీలోనే 'నంబర్ వన్' అని వేసుకుంటుంది. అది మీరూ చూసే ఉంటారు.

సరే, లెక్కల సంగతి అలా ఉంచి మనుషుల దగ్గరికి వద్దాం. ఎవరు పేపరు చదువుతారన్నది చదువొచ్చా రాదా అన్నదాంతోనే తేలదు. పేపరు ఎన్నింటికి వస్తుంది, ఎక్కడికి వస్తుంది అన్నవి కూడా దాన్ని తేలుస్తాయి.

ఒకప్పుడు మనకి పేపరు ఇంటికి కాదు, ఊరికి వచ్చేది. 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రికయ్యింది. అది రైలెక్కి తెలుగు జిల్లాలకి చేరాలి. స్టేషను నుంచి ఊరికి, అక్కడ గ్రంథాలయానికో, కరణంగారి అరుగుమీదికో. వేటపాలెంలోని సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు లేస్తున్న రోజులవి. అక్కడ బల్లల చుట్టూ కూర్చుని చదివినవాళ్లు మగవాళ్లే. ఆడవాళ్లకి చదువు లేకపోవడం ఒక కారణం. చదువున్నవాళ్లకి కూడా గ్రంథాలయం గడప దాటే వీలు లేకపోవడం ఇంకో కారణం. రెండోదాన్ని ఎవరూ లెక్కవేయలేదు.

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. అప్పటిదాకా విజయవాడలో అచ్చయిన పేపరు విశాఖకి పొద్దెక్కాక వచ్చేది. ఆ వేళకి మగవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు, పేపరూ అక్కడికే వెళ్లేది. అక్కడే అచ్చయిన పేపరు తెల్లారేసరికి గుమ్మంలో పడటం మొదలయ్యాక అది ఇంటి వస్తువయ్యింది. పాలప్యాకెట్టు లాంటిదన్నమాట. ఇంటి వస్తువయ్యాక ఇంట్లో ఉండేవాళ్లకి అందుతుంది. వ్యాపారంలో ముందుండటానికి వేసిన ఎత్తు అది. ఆడవాళ్ల కోసం వేసింది కాదు. అయినా వాళ్ల చేతికి పేపరు చేర్చింది అదే. 1989లో ఆ పత్రికే జిల్లాకో చిన్న పేపరు విడిగా ఇవ్వడం మొదలుపెట్టాక ఇంకో గుంపు చేరింది. తన ఊరి పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశతో పేపరు పట్టినవాళ్లు వీళ్లు. ఢిల్లీ రాజకీయం అక్కర్లేనివాళ్లకి కూడా మన మండలంలో కాలువకి గండిపడితే ఆ వార్త కావాలి.

ఇక 1990ల మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991 జనాభా లెక్కల ప్రకారం ఆడవాళ్లలో అక్షరాస్యులు 32.7 శాతం. పదేళ్ల తర్వాత, 2001లో, 50.4 శాతం. ఒక్క దశాబ్దంలో అంత పెరుగుదల! ఆ దశాబ్దం మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు నడిచాయి. కూలిపని చేసొచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దారు. దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించిన వైనం వాచకంలో పాఠమయ్యింది. ఆ పాఠం చదివిన మిగతా ఊళ్ల ఆడవాళ్లు 'మనమెందుకు చేయలేం' అని కొంగు బిగించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా దాటింది. పత్రికలు దాన్ని భుజానికెత్తుకున్నాయి, ఈనాడు అయితే ప్రత్యేకంగా పేజీయే కేటాయించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

ఇందులో మనం గమనించాల్సింది ఏంటంటే, ఆ నెల్లూరు ఆడవాళ్లు అప్పటి ఏ సర్వేలోనూ లెక్కించదగ్గ పాఠకులు కారు. ఫ్రిజ్జు లేదు, సొంత చందా లేదు, చదువు రాత్రిబడి చదువు. లెక్కనే నమ్ముకుని ఉంటే వాళ్ల కోసం ఒక్క కాలమ్ కూడా రాయక్కర్లేదు. రాశారు కాబట్టి వాళ్లు చదివారు, చదివి వినిపించుకున్నారు. వసుంధర, నవ్య, ఫ్యామిలీ అంటూ తెలుగు పత్రికలు ఆడవాళ్ల కోసం రోజూ పేజీలివ్వడం మామూలయ్యింది ఆ దశాబ్దం నుంచే. ఆ పేజీల్లో ముఖానికి పసుపు పట్టించుకునే చిట్కాలు మరీ ఎక్కువయ్యాయని ఒక విమర్శ ఉంది. నిజమే. కానీ ముందు పేజీ ఉంటేనే కదా, అందులో ఏముండాలని దెబ్బలాడుకునేది!

చదివి వినిపించుకోవడం అన్నాను. సర్వే ప్రశ్న మళ్లీ గుర్తుచేసుకోండి. చదివారా, చూశారా అని అడుగుతారు గానీ, విన్నారా అని అడగరు. కేరళలోని కన్నూరు బీడీ కార్ఖానాల సంగతి చాలామంది రాశారు. అక్కడ వరుసగా కూర్చుని బీడీలు చుట్టే కార్మికుల్లో ఒకరు పేపరు గట్టిగా చదివేవారు. చదివినంతసేపూ అతను చుట్టాల్సిన బీడీలు మిగతావాళ్లు చుట్టి ఇచ్చేవాళ్లు. లెక్క ప్రకారం అక్కడ పాఠకుడు ఒక్కడే. కానీ మధ్యాహ్నం రాజకీయాల మీద వాదించేది హాలు హాలంతా. మన నిజామాబాద్, కరీంనగర్ వైపు కూడా బీడీలు చుట్టి బతికే కుటుంబాలు చాలా ఉన్నాయి. కానీ ఇక్కడ చుట్టేది ఎక్కువగా ఆడవాళ్లు, అదీ ఎవరింట్లో వాళ్లు ఒళ్లో చాట పెట్టుకుని. చేతులు ఖాళీ ఉండవు, పక్కన చదివిపెట్టేవాళ్లు ఉండరు. బీడీ అదే, ఆకు అదే, పని చేసే చోటు మారేసరికి పేపరుకీ మనిషికీ మధ్య దూరం అంత పెరిగింది. ఆ చోటు టీవీ తీసుకుంది.

అసలు మనలో అందరికంటే శ్రద్ధగా పేపరు చదివేవాళ్లు ఎవరో చూడాలంటే హైదరాబాద్‌లో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లండి. గ్రూప్స్‌కీ, పోలీసు ఉద్యోగాలకీ, టీచరు పోస్టులకీ తయారయ్యే కుర్రాళ్లూ, అమ్మాయిలూ డబ్బా కట్టుకొచ్చి చెట్ల కింద కూడా కూర్చుంటారు. ఒక పేపరు చేతులు మారుతూ సాయంత్రానికి మడతల దగ్గర చిరిగిపోతుంది. ఆ చదివే తీరే వేరు. ఎర్ర ఇంకుతో గీతలు, పక్కన నోట్సు, మంత్రివర్గ సమావేశం తీర్మానాలు వరసపెట్టి బట్టీ. మన తాతగారు కూడా అంత చదవరు. వీళ్లలో చాలామంది హాస్టళ్లలో, ఇరుకు గదుల్లో ఉండేవాళ్లు, సొంతంగా పేపరు వేయించుకోరు. తలుపుతట్టి లెక్కలడిగేవాళ్లకి పగటిపూట దొరకరు. 'ఈ తరం పేపరు చదవడం మానేసింది' అని వాపోయేవాళ్లు ఒక్కసారి అక్కడికి వెళ్లొస్తే బాగుంటుంది. ఉద్యోగం వచ్చాక కూడా వాళ్లు చదువుతారా అంటే... నాకూ అనుమానమే.

అయితే ఆ వాపోవడంలో నిజం లేకపోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే చాలా అపార్ట్‌మెంట్లు పేపరుబ్బాయిని గేటు దగ్గరే ఆపేశాయి. కాగితం ముట్టుకుంటే కరోనా వస్తుందన్న భయం. భయం పోయింది గానీ, చాలా ఇళ్లకి పేపరు తిరిగి రాలేదు. ఈలోగా ఫోను అలవాటైంది. వార్తలు తెలియడం లేదా అంటే, తెలుస్తున్నాయి. మరి పోయిందేంటి?

దీనికి జవాబు వెతకడానికి చాలా వెనక్కి, చాలా దూరం వెళ్లాలి. 1945 వేసవిలో న్యూయార్క్‌లో పేపర్లు చేరవేసేవాళ్లు సమ్మెకి దిగారు. రెండు వారాలకు పైగా ఊళ్లో చాలామందికి రోజూ చదివే పేపరు అందలేదు. ఆ నగర మేయరు లాగార్డియా రేడియోలో కూర్చుని పిల్లల కోసం బొమ్మల కథలు చదివి వినిపించాడు. మన మేయర్లని అలా ఊహించుకోవడం కొంచెం కష్టం! అప్పుడు బెర్నార్డ్ బెరెల్సన్ అనే పరిశోధకుడు పాఠకుల దగ్గరికి వెళ్లి, పేపరు లేకపోతే మీకేం లోటని అడిగించాడు. ప్రపంచంలో ఏం జరుగుతోందో తెలియడం లేదని అందరూ గట్టిగానే చెప్పారు. సరే, ఏ వార్త గురించి తెలుసుకోవాలనుందో చెప్పండంటే మాత్రం చాలామంది తడబడ్డారు. వాళ్లకి లేనిది వార్త కాదు. పొద్దున్నే కుర్చీలో కూర్చుని, చేతిలో కాగితం పట్టుకుని, లోకంతో కలిసి ఉన్నామనుకునే ఆ కాస్త సమయం.

మనింట్లో అయితే ఇంకొకటి కూడా పోయింది. ఒకే పేపరు కాబట్టి వంతులుండేవి, పేచీలుండేవి. ఆటల పేజీ కోసం లాక్కునే కుర్రాడికి మొదటి పేజీ హెడ్డింగు కంటబడక తప్పేది కాదు. తాతగారు సంపాదకీయం చదువుతూ పైకి విసుక్కుంటే, విసుక్కోవాల్సిన విషయాలు కొన్ని ఉంటాయని మనవరాలికి తెలిసేది. అమ్మ తిరగేస్తుంటే పిల్లలు చూసేవాళ్లు. ఫోనులో ఎవరి వార్త వాళ్లది. నాన్న ఏం చదువుతున్నాడో కొడుక్కి తెలీదు, కొడుకు ఏం చూస్తున్నాడో నాన్నకి అసలే తెలీదు. పిల్లలు పేపరు పట్టడం లేదని అనుకునే తల్లిదండ్రుల్లో ఎంతమంది తాము పేపరు పట్టుకోగా పిల్లలకి కనబడుతున్నారు?

లెక్కపెట్టేవాళ్ల పరిస్థితీ అంతంతమాత్రమే అయ్యింది. 2019 చివరి త్రైమాసికం ఫలితాలు 2020లో వచ్చాయి. కరోనాతో ఆగిన ఆ సర్వే తర్వాత ఏళ్లు గడిచినా మళ్లీ పుంజుకోలేదు. కరోనాకి ముందున్న పాఠకులే ఇప్పటికీ ఉన్నారనుకుని ప్రకటనల ధరలు కడితే, చీకట్లో కొలిచిన బట్టలాగే ఉంటుంది. ఏ వయసువాళ్లు వెళ్లిపోయారు, ఎవరు మిగిలారు అన్నది ఎవరి ఊహ వాళ్లది. ఊహల్లో మాత్రం పాఠకుడంటే ఎప్పుడూ యాభై దాటిన మగమనిషే.

మళ్లీ ఎప్పుడైనా మీ తలుపు తట్టి, పాఠకుల సర్వేకి వచ్చామని ఎవరైనా అంటే ఒక్క మాట. వాళ్లు ఇంట్లో పన్నెండు దాటినవాళ్ల పేర్లన్నీ రాసుకుని, తమ దగ్గరున్న పట్టిక ప్రకారం ఒకరిని ఎంచుకుంటారు. ఆ వంతు మీ అత్తగారికి వస్తే 'ఆవిడకేం తెలీదండీ, మావారిని అడగండి' అని పంపేయకండి. ఆవిణ్ని పిలవండి. 'చివరిసారి ఎప్పుడు చదివారమ్మా' అని వాళ్లడిగినప్పుడు, 'అలా తిరగేస్తానంతే' అని ఆవిడ అంటే మాత్రం పక్కనుండి మీరే అందుకోండి. నిన్న మధ్యాహ్నం రెండింటికి, ముందు గదిలో, ఫ్యాను కింద, జిల్లా పేజీలతో సహా చదివిందని చెప్పండి.